పెద్దాయన వెతికిపెట్టిన మనిషి

ఆఖరి రోజు పొద్దున తాగే టీకి ఒక రుచి ఉంటుంది. డబ్బా అడుగున మిగిలిన నుసితో పెట్టిన టీ అయినా సరే. అది తాగి లేస్తే ఇక నడవాల్సింది కిందికే గదా. సాయంత్రానికి రోడ్డు, ఆ తర్వాత వేణ్ణీళ్ళు, పరుపు, గడియ పెట్టుకునే తలుపు.

వదిన టెంటు ముందు రాతి మీద కూచుని, స్టీలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఆ వేడిని వేళ్ళకి పట్టిస్తోంది. మూడు వారాలుగా కొండల్లో నడిచి నడిచి ఆమె కాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. ఊళ్ళో ఆమెది కళ్ళద్దాల షాపులో పని. పొద్దస్తమానం మసక గదిలో కూచుని, వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?" అని అడగడం. అలాంటి మనిషి చేత కొండలెక్కించింది ఆడపడుచు.

ఆ ఆడపడుచు పేరు ఇంట్లో చిట్టి. లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుంది. వచ్చే నెల ఎక్కడో దూరపు ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. "నేను వెళ్ళిపోయాక మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో వదినా, ఒక్కసారి కలిసి నడుద్దాం" అని వెంటపడింది. తల్లి లేని పిల్ల. వదిన కాపురానికి వచ్చేనాటికి దానికి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. అప్పట్నుంచీ దాని తల దువ్వింది, జ్వరాలు చూసింది, అబద్ధాలు పట్టుకుంది ఈమే. తన కడుపున ఎవరూ పుట్టలేదు. ఆ లోటు తెలియనివ్వకుండా పెరిగింది చిట్టి. ఈ మాట వదిన ఎప్పుడూ పైకి అనలేదు. అనకుండానే దాని వెనకాల మూడు వారాలు నడిచింది.

ఇక మూడోవాడు పెద్దాయన.

పెద్దాయన అంటే కుక్క. మూతి చుట్టూ నెరిసిన బొచ్చు, పంచాయితీ చెప్పడానికి వచ్చినవాడిలా నిదానమైన చూపు. చిట్టి వాణ్ణి మీరు అనే పిలుస్తుంది.

"లేచారా పెద్దాయనా? కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయండీ? బిస్కెట్టు తీసుకుంటారా?"

పెద్దాయన బిస్కెట్టు తీసుకున్నాడు.

"మొహం కడుక్కోకుండానే తింటున్నారు చూడు వదినా. ఇంటి పెద్దలే ఇలా ఉంటే మాలాంటివాళ్ళం ఏం నేర్చుకుంటాం?"

"నువ్వు కడుక్కున్నావా?"

"నేను ఇంటి చిన్నదాన్ని. నాకు మినహాయింపు ఉంది."

"మాటలకేం తక్కువ లేదు. ఈ కొండకి ఒక లిఫ్టు పెట్టవే, నీకు పుణ్యముంటుంది."

"మధ్యలో ఆగిపోతే బాగుచేయడానికి మళ్ళీ నేనే ఎక్కాలి. దండం పెడతా, నడువు."

టెంటు మడిచి, సంచులు భుజాన వేసుకుని బయల్దేరారు. కింద, అడవి రోడ్డులో కలిసే చోట అన్నయ్య జీపుతో ఉంటాడు. వదినకి మొగుడు, చిట్టికి అన్నయ్య, పెద్దాయనకి యజమాని. ఆ మాటకొస్తే పెద్దాయన అన్నయ్యకి కుక్క కాదు, ఉద్యోగంలో జోడీ. కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతికే జట్టులో ఇద్దరూ కలిసి పనిచేశారు. తప్పిపోయిన మనిషి తాలూకు గుడ్డ ఏదైనా వాడి ముక్కు దగ్గర పెట్టి అన్నయ్య ఒక్కటే మాట అంటాడు. "ఎక్కడ?" అంతే, ఇక వాడు ఆ మనిషి కోసమే పుట్టినట్టు పోతాడు. దొరికాక తిరిగొచ్చి నుదురు అన్నయ్య తొడకి ఆనించి గట్టిగా నొక్కుతాడు. రా, చూపిస్తాను అని. వెంట వెళితే అక్కడ మనిషి ఉంటాడు. ఆ మనిషి చెయ్యి చాచి పెద్దాయన తల నిమరాలి. అప్పుడే వాడి దృష్టిలో పని అయినట్టు. అంతవరకూ మెతుకు ముట్టడు, కొండ దిగడు.

అన్ని వెతుకులాటలూ అలా ముగియవు. ఒక్కోసారి దొరికిన మనిషికి చెయ్యి చాచే ప్రాణం ఉండదు. అప్పుడు అన్నయ్య జట్టులో ఒకణ్ణి పొదల్లో దాక్కోమంటాడు. పెద్దాయన వాణ్ణి పట్టుకుంటాడు. వాడు తల నిమిరి "శభాష్" అంటాడు. కుక్క తోక ఊపుకుంటూ ఇంటికొస్తుంది. "మనిషికి నిజం చెప్పాలి, కుక్కకి మాత్రం గెలిచాననే అనిపించాలి" అంటాడు అన్నయ్య.

మోకాలు దెబ్బతిని ఈసారి తను రాలేక, పెద్దాయన్ని వీళ్ళకి అప్పగించేటప్పుడు ఒక్క జాగ్రత్త చెప్పాడు. "వాడు రిటైరయ్యాడని మనకి తెలుసు. వాడికి తెలీదు. ఎవరి వస్తువైనా వాడి ముక్కు దగ్గర పెట్టి ఆ మాట మాత్రం అనకండి."

మూడు వారాలూ అనలేదు.

*

మధ్యాహ్నం దాటాక దేవదారు చెట్ల మధ్యలోకి దిగారు. అక్కణ్ణుంచి పొగమంచు మొదలైంది. ముందు చెట్ల తలలు పోయాయి. తర్వాత పక్కనున్న లోయ పోయింది. చివరికి దారి, దారికి రెండు వైపులా నాలుగైదు చెట్లు, అంతే మిగిలింది లోకం. తడిసిన బెరడు వాసన. ఎక్కడో నీటిబొట్లు ఆకుల మీంచి ఆకుల మీదకి జారుతున్న చప్పుడు. పిట్ట కూత లేదు. వదిన కళ్ళద్దాలు తుడుచుకోవడం, అవి మళ్ళీ మసకబారడం.

దారి మలుపులో విరిగిన మోడు ఒకటి ఉంది. దాని మీద చెయ్యి.

వదిన టక్కున ఆగింది. దగ్గరికెళ్ళి చూస్తే చెయ్యి కాదు, బూడిద రంగు ఉన్ని గ్లౌజు. దారిలో దొరికిన వస్తువుని ఇలా మోడు మీదో రాయి మీదో కనిపించేలా పెట్టి వెళ్ళడం కొండల్లో నడిచేవాళ్ళ మర్యాద. పోగొట్టుకున్నవాళ్ళు వెనక్కి వస్తే తీసుకుంటారని. మోడుకి తొడిగి ఉండటంతో ఐదు వేళ్ళూ పైకి నిలబడి, ఎవరో ఆగమంటున్నట్టుంది.

"భలే పెట్టారే!" అని చిట్టి దాన్ని ఊడదీసింది.

"ఎందుకే తీశావ్? ఉండనీ."

"వదినా, ఇది చూడు. అడవంతా తడిసి ముద్దయింది. ఇది పొడిగా ఉంది." చిట్టి చెయ్యి లోపల పెట్టింది. "వెచ్చగా కూడా ఉంది."

"ఉన్నిది వెచ్చగా కాక మరెలా ఉంటుంది? పెట్టెయ్, పోదాం."

చిట్టి నవ్వుతూ వంగింది. ఆఖరి రోజు హుషారు. ఇంటి దగ్గరకొచ్చిన గుర్రానికి కళ్ళెం ఆగదంటారు, అలాంటి హుషారు. గ్లౌజు పెద్దాయన మూతి ముందు ఊపింది.

"పెద్దాయనా, ఇది ఎవరిదో మారాజు పారేసుకున్నాడు. కాస్త కనుక్కుని పుణ్యం కట్టుకోండి. ఎక్కడ?"

ఆ మాట దాని నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నదో దానికే తెలియలేదు. రెండో చేత్తో నోరు మూసుకుంది.

పెద్దాయన మారిపోయాడు. పొద్దుట్నుంచి కుంటుతున్న కాలు కుంటడం మానేసింది. చెవులు నిక్కాయి, వీపు నిటారైంది. గ్లౌజుని వాసన చూశాడు. ఒక్కసారి కాదు, తృప్తిగా, లోపలికంటా. ఆ తర్వాత దారి వదిలేసి, పై వైపుకి, మంచులోకి వెళ్ళిపోయాడు.

"అయిపోయింది," అంది వదిన. "మీ అన్నయ్య మన ఇద్దరి తోలూ తీస్తాడు."

"సారీ వదినా. ఎవరూ దొరక్కపోతే వాడే వచ్చేస్తాడులే."

వాడు వచ్చాడు. ఎంతోసేపు పట్టలేదు. అక్కడే మొదట ఏదో తేడాగా అనిపించింది వదినకి. వెతికి విసిగినవాడిలా లేడు. మంచులోంచి నేరుగా వచ్చి, ఆమె తొడకి నుదురు ఆనించి నొక్కాడు.

దొరికారు. రా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరైనా దెబ్బ తగిలి పడి ఉన్నారేమో వదినా," అంది చిట్టి. గొంతులో ఇప్పుడు హాస్యం లేదు.

వెళ్ళకుండా ఎలా ఉంటారు? అన్నయ్య ఇంటి మనుషులు. సంచులు మోడు దగ్గర దించి, పెద్దాయన వెనకాల ఎక్కారు. చెట్లు అయిపోయి బండలు మొదలైన చోట, పెద్ద రాయి ఒకటి ముందుకి వంగి చూరులా నిలిచి ఉంది. దాని కింద మనిషి కూచునేంత చోటు. లోపల పాత పొగ వాసన, ఎవరో ఎప్పుడో చలి కాచుకున్నట్టు. బూడిద లేదు, కట్టె లేదు. మనిషి లేడు.

పెద్దాయన ఆ చూరు కింద ఆగి కూచున్నాడు. తోక ఊపాడు. తల పైకెత్తి, ఎదురుగా ఉన్న ఖాళీలోకి చూశాడు. నేలనీ కాదు, గోడనీ కాదు. కూచున్న మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులోకి. చెవులు వెనక్కి వాల్చి, తల కొంచెం వంచి, నిమరడానికి వీలుగా పట్టుకుని... ఎదురుచూశాడు.

ఎవరూ నిమరలేదు.

సన్నగా మూలిగాడు. మళ్ళీ వచ్చి వదిన తొడకి నుదురు నొక్కాడు. మళ్ళీ వెళ్ళి అక్కడే కూచున్నాడు. మళ్ళీ అంత ఎత్తులోకే చూశాడు.

"వదినా..." చిట్టి గుసగుసగా అంది. "వాడి తోక చూడు. ఎవరో పలకరిస్తున్నట్టు ఊపుతున్నాడు."

"మాట్లాడకు. కిందికి పద."

కానీ పెద్దాయన కదలడే. పిలిస్తే రాలేదు, బిస్కెట్టు చూపిస్తే మొహం తిప్పుకున్నాడు. ఇద్దరూ పట్టుకుని దారిదాకా ఈడ్చుకొచ్చారు. వదలగానే పైకి పోయాడు. ఎత్తుకుని దిగుదామంటే వాడి బరువుకి ఆ జారుడు దారిలో ముగ్గురూ లోయలో తేలతారు. వెలుగు తగ్గుతోంది. మంచు తెలుపు పోయి బూడిద రంగుకి తిరుగుతోంది. వదిలేసి పోదామన్న మాట ఇద్దరి నోటా రాలేదు. ఆ కుక్క లేకుండా రోడ్డు మీద అన్నయ్య ముందు ఎలా నిలబడతారు?

అప్పుడు గుర్తొచ్చింది వదినకి, దాక్కునే కిటుకు.

"ఎవరో ఒకరు దొరకాలి వాడికి," అంది. "ఆ గ్లౌజు వేసుకుని తల నిమిరితే చాలు. పని అయిపోయిందనుకుని వచ్చేస్తాడు. నువ్వు వాణ్ణి పట్టుకో, నేను దాక్కుంటా."

"నీ మోకాళ్ళతో నువ్వు దాక్కుంటే నిన్ను లేపడానికి ఇంకో జట్టు రావాలి. తప్పు చేసింది నేను, నేనే వెళ్తా." చిట్టి గ్లౌజు కుడి చేతికి తొడుక్కుంది. "ఆ రాతి కిందికి మాత్రం పోను బాబూ. అదిగో, కింద పడిపోయిన చెట్టుంది చూడు, దాని వెనకాల పడుకుంటా."

నాలుగడుగులు వేసి ఆగింది.

"వదినా. ఆలస్యం చెయ్యకు. నాకు భయమని కాదు. కానీ... ఆలస్యం చెయ్యకు."

మంచు దాన్ని మింగేసింది.

*

వదిన పెద్దాయన్ని చూరు నుంచి కొంచెం కిందికి లాక్కొచ్చి, మెడపట్టీ పట్టుకుని, వాడి మొహం పక్కకి తిప్పి కూచుంది. అన్నయ్య ఎలా చేసేవాడో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. ఇంటి వెనకాల మైదానంలో శిక్షణ నడుస్తుంటే తను వంటింటి కిటికీలోంచి చూసింది, అంతే. దాక్కునేవాడు వెళ్ళాక అన్నయ్య ఏదో చేసేవాడు. ఏదో గుడ్డ ఒకటి... ఇక్కడ గుడ్డ ఎందుకు? గ్లౌజు వాసన వాడి ముక్కులో ఉండనే ఉంది.

కింద ఆకులు చిట్లిన చప్పుడు. ఆగిపోయింది. ఆ తర్వాత నిశ్శబ్దం.

పట్టీ వదిలింది. "ఎక్కడ?"

పెద్దాయన కిందికి వెళ్ళలేదు. పైకి వెళ్ళాడు.

"అటు కాదురా! ఇటు!"

వాడు వినలేదు. వదిన పడుతూ లేస్తూ వెనకాల ఎక్కింది. కళ్ళద్దాల నిండా మంచు. తుడిస్తే చారలు. రాతి చూరు నల్లటి మరకలా కనిపించింది, దాని కింద పెద్దాయన వీపు కనిపించింది. కూచున్నాడు. తోక ఊపుతున్నాడు. తల వంచి పట్టుకున్నాడు.

చూరు నీడలోంచి బూడిద రంగు చెయ్యి ఒకటి ముందుకు వచ్చింది. పెద్దాయన తల మీద వాలింది. నిదానంగా, చెవుల మధ్యనుంచి మెడదాకా నిమిరింది.

వదినకి ప్రాణం లేచొచ్చింది. "చంపి బతికించావు కదే! చెట్టు వెనకాల అన్నావు?"

చిట్టి చూరు కిందనుంచి వంగి బయటికొచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది. "అక్కడ నేలంతా నీళ్ళు వదినా. ఇక్కడ పొడిగా ఉంది."

"ఇక్కడికి రానన్నావుగా?"

"వచ్చేశాను," అంది చిట్టి. నవ్వింది.

అప్పుడు కిందనుంచి, పడిపోయిన చెట్టు వైపునుంచి, చలికి వణుకుతున్న గొంతు.

"వదినా! ఏంటి ఇంకా? చలికి చచ్చిపోతున్నా ఇక్కడ!"

వదిన గొంతు వచ్చిన వైపుకి తిరిగింది.

ఎదురుగా ఉన్న చిట్టి కళ్ళు పెద్దవయ్యాయి. వచ్చి వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్నావా?" పెదాలు కదిలీ కదలనట్టు అంది. "అది నా గొంతు... వదినా, అది నా గొంతు. పద. పలక్కు. పద!"

రోజూ పదిమందిని అడిగే మనిషి ఆమె. ఇది బాగా కనిపిస్తోందా, ఇదా? ఇప్పుడు అడగడానికి వ్యవధి లేదు. ఒకటి కంటి ముందుంది. చెయ్యి పట్టుకుంది, కుక్క దాని కాళ్ళకి ఒరుసుకుంటోంది. ఇంకోటి మంచులో గొంతు మాత్రమే. కనిపించేదాన్ని నమ్మింది.

పరిగెత్తారు. సంచులు, వాటిలోని టార్చితో సహా, మోడు దగ్గరే వదిలేశారు. పెద్దాయన ముందు, వెనక వీళ్ళిద్దరూ. వెనకనుంచి గొంతు వెంటాడింది.

"వదినా...? పెద్దాయనా...? ఎక్కడున్నారు?"

"వినకు," అంది పక్కనున్న చిట్టి.

"వదినా, ఆటలొద్దు! నాకు భయమేస్తోంది!"

"వెనక్కి చూడకు."

వదినకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకో తెలియదు. పరిగెత్తుతూనే అడిగింది, "చిట్టీ, చిన్నప్పుడు బడిలో అందరూ నవ్వారని ఏడుస్తూ వచ్చావు. ఎందుకు?"

"ఒక జడకి పచ్చ రిబ్బను, ఒక జడకి ఎర్ర రిబ్బను కట్టి పంపావు. రెండోది కనపళ్ళేదని."

తడుముకోలేదు. రిబ్బన్ల రంగులతో సహా చెప్పింది. వదిన ఊపిరి పీల్చుకుంది. ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. వెనక గొంతు పలచబడింది. ఒక మలుపు దాటాక ఏడుపులా వినిపించింది. ఇంకో మలుపు దాటాక వినిపించలేదు.

*

అడవి చివర జీపు లైట్లు కనిపించాయి. అన్నయ్య మోకాలి పట్టీతో కుంటుకుంటూ ఎదురొచ్చాడు. "సంచులేవి? ఎవరైనా తరిమారా ఏంటి మిమ్మల్ని?" అని నవ్వబోయి, పెళ్ళాం మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఏమీ అడక్కుండా ఇద్దర్నీ జీపెక్కించాడు. చిట్టి వెనక సీట్లో కూచుంది. పెద్దాయన దాని పక్కనే ఎక్కి, ఒళ్ళో తల పెట్టి, ఒక్క నిమిషంలో నిద్రపోయాడు.

అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. "ఇది పని అయిపోయిన నిద్ర. నాకు తెలుసు. వీడిచేత వెతికించారా?"

వదిన ముందు సీట్లో కూచుని చెప్పింది. గ్లౌజు సంగతి, రాతి చూరు సంగతి, దాక్కోవడం. ఆ రెండో గొంతు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"మరి దొరికిందా చిట్టి?"

"దొరికింది."

"వాసనకి ఏమిచ్చావు?"

"ఏమీ ఇవ్వలేదు. గ్లౌజు వాసన ఉందిగా వాడికి..."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "అలా కాదోయ్. ఇంకో మనిషిని దాచినప్పుడు, దాక్కున్నవాళ్ళ గుడ్డే ఇచ్చి కొత్తగా మొదలెట్టాలి. దాని స్కార్ఫో, టోపీయో. లేకపోతే వీడు దాన్నెందుకు వెతుకుతాడు? ఎవరి వాసన పట్టాడో వాళ్ళనే తెస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు మనిషిని తేలేదు వీడు." ఇంజను స్టార్ట్ చేస్తూ నవ్వాడు. "పోనీలే, దాని చేతికి ఆ గ్లౌజే ఉంది కాబట్టి సరిపోయింది."

వదిన మెల్లగా తల తిప్పింది.

జీపు లోపలి చిన్న దీపం ఇంకా వెలుగుతోంది. చిట్టి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒళ్ళో ఉన్న కుక్క తలని నిమురుతోంది. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి మెడ కింద.

రెండు చేతులకీ గ్లౌజులున్నాయి.

బూడిద రంగు ఉన్నివి. జత.

కుక్క హాయిగా గురక పెడుతోంది.

"అదెవరు?" అన్నాడు అన్నయ్య.

ముందద్దంలోంచి కొండ వైపు చూస్తున్నాడు. మంచు పలచబడిన చోట, దారి మలుపుల్లో టార్చి వెలుగు ఒకటి కిందికి దిగుతోంది. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ. కాలు బెణికిన మనిషి నడక.

"పాపం ఎవరో ఒక్కరే దిగుతున్నారు. ఆగుదాం."

"పోనివ్వన్నయ్యా," అంది వెనకనుంచి చిట్టి, మృదువుగా. "వాళ్ళని వాళ్ళవాళ్ళు వెతుక్కుంటారు."

వదిన తలుపు తోసి దూకింది. మోకాళ్ళు గుర్తు రాలేదు, చీకటి పడుతోందని గుర్తు రాలేదు. దారి మొదలుదాకా పరిగెత్తి, ఉన్న ఊపిరంతా పోసి అరిచింది.

"చిట్టీ!"

వెలుగు ఆగింది.

"వదినా!" బొంగురుపోయిన గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "నన్ను వదిలేసి పోయావేంటి? నడవలేకపోతున్నా. నువ్వే రా!"

"వస్తున్నా తల్లీ! అక్కడే ఉండు! కదలకు!" వదిన ఏడుస్తూనే నవ్వింది. దారి మీద కాలు పెట్టింది.

అప్పుడు, ఆ వెలుగుకి పై మలుపులో ఇంకో వెలుగు కనిపించింది.

"వదినా!" అంది అది. అదే బొంగురు. అదే ఏడుపు. "నువ్వే రా!"

దాని పైన, చెట్లలో, ఇంకోటి. ఆపైన ఇంకోటి. బండల దాకా, మంచు దాకా, ఒక్కో మలుపులో ఒక్కోటి వెలుగుతూ వచ్చాయి. అన్నీ తడబడుతూ దిగి, అన్నీ ఆగాయి. వదిన ఎవరి దగ్గరికి వస్తుందో చూస్తున్నట్టు.